మిర్యాము కొరకు ఆగిన పాళెము

మూలవాక్య భాగము: సంఖ్యాకాండము 12:10-16



2025 జనవరి మొదటి వారములో బెంగళూరులో ఇద్దరు పసిబిడ్డలకు హెచ్.ఎం.పి.వి. అను వైరసు సోకినదని టీవీలో వార్త వచ్చెను. అది క్రొత్త వైరసు కాదు. 2001లోనే శాస్త్రజ్ఞులు దానిని గుర్తించిరి. అయితే టీవీ వారు దానిని చెప్పిన తీరు వినినవారికి 2020 మార్చి నెల జ్ఞాపకము వచ్చెను. ఆ వచ్చిన ఆదివారము ఆరాధన ముగిసి నేను వాకిట నిలిచి అందరికి వందనములు చెప్పుచుండగా, ఒక సహోదరి అందరు వెళ్లువరకు మెట్ల ప్రక్కనే నిలిచియుండెను. చివరకు దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మళ్లా వస్తాదంట కదా. ఈసారి నేను తట్టుకుంటానా?" అని అడిగెను. ఆమెకు అరువది ఏండ్లు దాటినవి. ఇరువది ఏండ్లుగా షుగరు, దానితోపాటు ఉబ్బసము. ఆమె చేతిసంచిలో బైబిలు ప్రక్కన ఇన్‌హేలరు ఎల్లప్పుడు ఉండును.

"భయపడకమ్మా, దేవుడున్నాడు" అని చెప్పి పంపితిని. అది తప్పు మాట కాదు. కాని ఆమె అడిగినదానికి అది జవాబు కాదని ఇంటికి పోవు దారిలోనే నాకు తెలిసెను. ఆమె అడిగినది ఒక ప్రశ్న. దాని క్రింద మరియొక ప్రశ్న ఉన్నది. నేను మరల ఇంటిలో ఉండిపోవలసి వచ్చినయెడల సంఘము నన్ను ఏమనుకొనును? ఆ రెండవది ఆమె అడుగలేదు. అడుగవలసిన పని లేదు. దానికి జవాబు మేము 2021లోనే ఇచ్చియుంటిమి.

ఆ సంగతి చెప్పవలెను. రెండవ అల తగ్గి, మందిరములు తెరచుటకు అనుమతి వచ్చిన తరువాత, మొదటి రెండు మూడు వారములు బల్లలు సగమైనను నిండలేదు. నాకు మనస్సు నొచ్చెను. ఒక ఆదివారము పీఠము మీదనుండి, "బజారుకు పోవుటకు భయము లేదు, పెండ్లి భోజనములకు భయము లేదు, దేవుని మందిరమునకు వచ్చుటకు మాత్రము భయమా?" అని గట్టిగా అడిగితిని. కూర్చున్నవారు ఆమేన్ అనిరి. ఆ ఆమేన్ నా చెవులకు బాగుండెను. మన యువకులు ఆ ప్రసంగమును ఫోనులో ఇండ్లకు చూపించుచుండిరి గనుక ఆ సహోదరి కూడ దానిని వినెను. ఆమె బజారుకు పోలేదు. పెండ్లికి పోలేదు. ఒంగోలు దగ్గర సొంత తమ్ముడు చనిపోయినప్పుడు మట్టికి కూడ పోలేక, ఫోనులో చూచి ఏడ్చినది. ఆమె తరువాత ఒకటిన్నర సంవత్సరము మందిరమునకు రాలేదు. ఆ కాలములో నేను ఆమె ఇంటికి వెళ్లిన దినములు ఒక చేతి వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. (ఇది వ్రాయుటకు ఆమె ఒప్పుకొనినది. పేరు మాత్రము వద్దన్నది.)

అప్పటినుండి సంఖ్యాకాండము 12వ అధ్యాయము నన్ను విడిచిపెట్టలేదు.

మీకు తెలిసిన కథయే. మిర్యామును అహరోనును మోషేకు విరోధముగా మాటలాడిరి. మిర్యాము దేహము కుష్ఠుచేత మంచువలె తెల్లనాయెను. మోషే ఆమెను స్వస్థపరచుమని మొఱ్ఱపెట్టెను. ఆ ప్రార్థన హెబ్రీ భాషలో అయిదే అయిదు మాటలు. దేవుడు ఆ ప్రార్థనను త్రోసివేయలేదు, అయినను ఏడు దినములు ఆమె పాళెమునకు వెలుపల ఉండవలెననియు, ఆ తరువాత ఆమెను లోనికి చేర్చుకొనవలెననియు సెలవిచ్చెను. అక్కడివరకు సండే స్కూలులో పిల్లలకు చెప్పుదుము. మిర్యాము సణిగినది, శిక్ష పొందినది, మీరు సణుగవద్దు అని ముగించుదుము. 15వ వచనము చివరి భాగమును నేను ముప్పది ఏండ్ల పరిచర్యలో ఒక్కసారియైనను బోధించినట్టు జ్ఞాపకము లేదు. మిర్యామును మరల లోనికి చేర్చువరకు జనులు ప్రయాణము చేయలేదని అక్కడ వ్రాయబడియున్నది.

ఆ జనులెందరు? మొదటి అధ్యాయములో లెక్క ఉన్నది: ఇరువది ఏండ్లు మొదలుకొని యుద్ధమునకు వెళ్లదగిన పురుషులే 6,03,550 మంది. స్త్రీలు, పిల్లలు, ముసలివారు ఆ లెక్కలో లేరు. వారు ఎక్కడికి పోవుచుండిరి? వాగ్దాన దేశమునకు. హోరేబునుండి కాదేషు బర్నేయకు పదకొండు దినముల ప్రయాణమని ద్వితీయోపదేశకాండము 1:2లో చెప్పబడెను. పదకొండు దినముల దారిలో ఏడు దినములు ఒక్క స్త్రీ కొరకు నిలిచిపోయిరి. అరణ్యములో నిలిచిపోవుట సులువు కాదు. పశువులకు మేత కావలెను, నీళ్లు కావలెను, పిల్లలు ఏడ్చుదురు. పైగా వీరు ఓర్పుగల జనము కారు. ముందటి అధ్యాయములోనే మాంసము కొరకు ఏడ్చిరి. అటువంటివారు కూడ గుడారపు మేకులు పెరుకలేదు.

వాక్యమును జాగ్రత్తగా చదువువారు ఇక్కడ ఒక ప్రశ్న వేయుదురు. మేఘము లేచినప్పుడు జనులు బయలుదేరవలెనని తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది గదా; ఈ అధ్యాయము 10వ వచనములో మేఘము గుడారము మీదనుండి ఎత్తబడెనని ఉన్నది గదా; మరి వారెందుకు కదలలేదు? మేఘము లేచినది నిజమే. కాని ఏడు దినములు అని చెప్పినవాడు ఆ మేఘములో ఉన్నవాడే. ఆమెను వెలుపల ఉంచుటయు, ఆమెను తిరిగి చేర్చుకొనుటయు ఒకే నోటనుండి వచ్చిన ఆజ్ఞ. మనము మొదటి సగమును మాత్రము పట్టుకొందుము.

ఇంకొక మాట ఇప్పుడే స్పష్టముగా చెప్పవలెను, లేనియెడల ఈ వాక్యము రోగుల మీద రాయివలె పడును. మిర్యాము వ్యాధి ఆమె చేసిన తప్పునకు వచ్చిన శిక్ష. మీ షుగరు అట్టిది కాదు. మీ ఉబ్బసము, మీ మూత్రపిండముల వ్యాధి, మీ గుండె జబ్బు అట్టివి కావు. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవని పాపమని శిష్యులు అడిగినప్పుడు, వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదని ప్రభువు ఆ ప్రశ్ననే కొట్టివేసెను (యోహాను 9). తప్పు చేసి వెలుపల ఉన్న ఆమె కొరకు ఆరు లక్షలమంది ఆగిరి. ఏ తప్పును లేక, వైద్యుడు చెప్పిన మాట విని ఇంటిలో ఉన్న ఆమె కొరకు మేము ఆగలేదు.

ఇప్పుడు భయము సంగతి చూతము. భయము అవిశ్వాసమేనా?

2020, 2021 సంవత్సరములలో వైద్యులు చూచినది ఏమనగా, షుగరు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండముల జబ్బులున్నవారికి కరోనా ఎక్కువగా ముదిరెను. 2021 జనవరి 16న మన దేశములో టీకాలు వేయుట మొదలైనది. మార్చి 1నుండి అరువది దాటినవారికిని, నలుబది అయిదు మొదలు యాబది తొమ్మిది వరకు వయస్సుండి దీర్ఘవ్యాధులున్నవారికిని ఇచ్చిరి. అనగా ప్రభుత్వమే ఈ దేహములకు అపాయము ఎక్కువని ఒప్పుకొనెను. రెండవ అలలో కరోనా తగ్గినవారికి బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు, షుగరు అదుపులో లేనివారు, స్టెరాయిడ్ మందులు వాడినవారు ఎక్కువగా దానికి లోనైరి. ఇవన్నియు చూచినవాడు జాగ్రత్తపడిన యెడల, వానిని అల్పవిశ్వాసి అనుట న్యాయము కాదు. వాడు తన దేహమును ఎరిగినవాడు.

మన ప్రజల ఊపిరితిత్తులను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. మన తాతలు సెలవులు గడుపుటకు ఈ ప్రాంతములకు రాలేదు. కోలారు బంగారు గనులలో రాతిధూళి పీల్చి సిలికోసిస్ తెచ్చుకొన్న కుటుంబములున్నవి; గనులు 2001లో మూతపడెను గాని దగ్గు మూతపడలేదు. షోలాపూరులో బీడీలు చుట్టిన తల్లులు, భివండిలో మరమగ్గముల దుమ్ములో నిలిచిన అన్నలు మన సంఘములలో ఉన్నారు. వీరు ఆయాసపడుట మీరు బల్లలమీద కూర్చుండి వినుచున్నారు. ఆ కూలిడబ్బుల దశమభాగముతోనే మన మందిరముల గోడలు లేచినవి.

పౌలు చేతిగుడ్డలు తాకి రోగులు బాగుపడిరని అపొస్తలుల కార్యములు 19లో చదువుదుము. మెలితే ద్వీపములో పొప్లి తండ్రి జ్వరమును ప్రార్థించి బాగుచేసినవాడు పౌలే. మరి తిమోతికి కడుపు జబ్బు ఉన్నప్పుడు ఒక చేతిగుడ్డ పంపలేదేమి? కడుపు కొరకు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొనుమని సలహా వ్రాసెను (1 తిమోతి 5:23). ఈ వచనమును మనవారిలో కొందరు ఆదివారము సాయంకాలము వేరొక పనికి వాడుకొందురని నాకు తెలియును. పౌలు చెప్పినది జబ్బు మనిషికి, అదియు కొంచెము. అది అట్లుండనిండి. ఆ వచనములో నన్ను నిలిపిన మాట, అతని బలహీనతలు తరచుగా వచ్చునవి అని పౌలు చెప్పుట. ఒకసారి వచ్చి పోవునవి కావు. ఈ దినములలో మనము దీర్ఘకాలిక వ్యాధి అనునది అదే. పౌలు అతనిని విశ్వాసము లేదని గద్దింపలేదు, ఎఫెసు పని నుండి తీసివేయలేదు, మందు చెప్పి పనిలో ఉంచెను. త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చితినని అదే పౌలు దాచకుండ వ్రాసెను (2 తిమోతి 4:20). తన శరీరములోని ముల్లును గూర్చి మూడుసార్లు వేడుకొనినను అది తీయబడలేదు. దానికి బదులుగా చాలినంత కృప దొరకెను. హిజ్కియాకు పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానముగా వచ్చిన తరువాత కూడ యెషయా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించెను. వాగ్దానము ఒక చేతిలో, పట్టీ ఒక చేతిలో. మన బాప్తిస్టు మిషనరీలు సువార్తతోపాటు మందుసీసాలు తెచ్చినది ఈ వాక్యమును చదువుకొనియే. ఒంగోలులో క్లౌ దొరగారి జ్ఞాపకార్థముగా నిలిచినది ఆసుపత్రి గదా.

కీర్తన 91ని గూర్చి కూడ చెప్పుదును, ఏలయనగా కరోనా దినములలో అది ప్రతి ఇంటి తలుపుమీద అంటింపబడెను. ఆ కీర్తనను బట్టి ధైర్యము పొందినవారిలో మన బాప్తిస్టు ప్రసంగీకుడు స్పర్జన్ ఒకడు. 1854లో అతనికి ఇరువది ఏండ్లు; లండనులో కలరా వ్యాపించెను. పగలు రాత్రి చావుల ఇండ్లకు తిరిగి తిరిగి అతడు అలసిపోయి, తానును పడిపోవుదునేమో అని క్రుంగియున్నప్పుడు, ఒక చెప్పుల దుకాణపు అద్దము మీద ఎవరో అంటించిన కాగితములో ఈ కీర్తన 9, 10 వచనములు చూచి బలము పొంది మరల పనికి పోయెను. అదే సంవత్సరము, అదే నగరములో, జాన్ స్నో అను వైద్యుడు ఇంటింటి చావులు లెక్కించి, బ్రాడ్ వీధి పంపు నీళ్లనుండి రోగము వచ్చుచున్నదని చూపగా, సెప్టెంబరు 8న అధికారులు ఆ పంపు పిడి తీసివేసిరి. ఒకడు పడకల యొద్ద ప్రార్థించెను, ఒకడు పిడి తీయించెను. ఇద్దరిలో దేవుడు ఎవనిని పంపెనని అడుగుట తెలివితక్కువ ప్రశ్న.

అయితే ఇదే కీర్తనను దేవాలయ శిఖరము మీద యేసుకు వినిపించినవాడు ఎవడు? అపవాది. దూతలు పట్టుకొందురు, క్రిందికి దుముకుము అనెను. వచనము సరియైనదే, చెప్పిన ఉద్దేశము చెడ్డది. ప్రభువు ఆ వచనము తప్పని చెప్పలేదు. దేవుని శోధింపకూడదని మరియొక వాక్యముతో జవాబిచ్చెను. అనారోగ్యముతో ఉన్న తల్లితో, "విశ్వాసముంటే మాస్కు తీసివేయి, గుంపులోనికి రా" అనువాడు తాను శిఖరము మీద ఏ ప్రక్కన నిలిచియున్నాడో చూచుకొనవలెను. 2021లో నేను అటువైపే నిలిచియుంటిని.

స్పర్జన్ సంగతి అంతటితో ముగియలేదు. కలరా అతనిని తాకలేదు గాని, తరువాత గౌటు అను కీళ్ల వ్యాధి, మూత్రపిండముల వ్యాధి అతనిని జీవితాంతము విడువలేదు. చలికాలములలో లండను విడిచి ఫ్రాన్సు దేశపు మెంటోను పట్టణమునకు పోయి ఉండవలసి వచ్చెను. 1891 జూను 7న తన మందిరములో చివరి ప్రసంగము చేసెను. 1892 జనవరి 31న మెంటోనులో నిద్రించెను. అప్పటికి యాబది ఏడేండ్లు. తెగులును తప్పించుకొనినవాడు దీర్ఘవ్యాధిని తప్పించుకొనలేదు. వేలమంది ఉన్న ఆ సంఘము, పీఠము మీద లేని తమ కాపరి కొరకు నెలల తరబడి ప్రార్థన కూటములు జరుపుకొనెను. కాపరి కొరకు ఆగుట సంఘములకు తెలియును. వెనుక బల్లమీద కూర్చుండు విధవరాలి కొరకు ఆగుట నేర్చుకొనవలసియున్నది.

నాకును పదునాలుగు ఏండ్లుగా బి.పి. మాత్ర ఉన్నది. పీఠము మీదనుండి ఆ మాట ఎన్నడును చెప్పలేదు. ఆదికాండము 33లో యాకోబు నాకు అద్దమువలె కనబడెను. ఏశావు కలిసి ప్రయాణము చేయుదము రమ్మనగా, పిల్లలు పసివారు, మందలో పాలిచ్చునవి ఉన్నవి, ఒక్క దినము వడిగా తోలినయెడల మంద అంతయు చచ్చును, వాటి నడకకు తగినట్టు మెల్లగా వచ్చెదను అని యాకోబు చెప్పెను. మంచి మాట, ప్రతి కాపరి గోడమీద వ్రాసికొనదగినది. కాని దానికి ముందే పెనూయేలులో అతని తొడ గూడు వసిలినది. అతడు కుంటుచు వచ్చియుండెను. పిల్లలను చెప్పెను, గొఱ్ఱెలను చెప్పెను, తన కాలిని గూర్చి మాత్రము అన్నకు చెప్పలేదు. (మెల్లగా శేయీరునకు వచ్చెదనని చెప్పి సుక్కోతునకు వెళ్లెను, అది వేరొక ప్రసంగము.) మనము కూడ అంతే. ఎవరైన అడుగగా బాగున్నానందుము. డయాలిసిస్ వారమునకు రెండు మూడుసార్లు అని ప్రక్క బల్లవానికి తెలియదు. చెప్పినయెడల మన కొరకు ఎవరైన నడక తగ్గించుకొనవలసి వచ్చునని సిగ్గు.

ప్రియులారా, ఆ సిగ్గు ప్రభువునకు లేదు. గెత్సేమనేలో ఆయన కలత చెంది, దుఃఖముతో నిండి, ముగ్గురు స్నేహితులతో ఇక్కడ ఉండి మెలకువగా ఉండుడని అడిగెను (మార్కు 14). లోకమును చేసినవాడు ఒంటరిగా ఉండలేనని చెప్పెను. అర్ధరాత్రి ఆయాసము వచ్చి, ఇది ఆ జబ్బేమో అని చెమటలు పట్టి లేచి కూర్చుండు సహోదరుడా, నీవు పొరుగింటి విశ్వాసికి ఫోను చేయుట అవిశ్వాసము కాదు. నీ ప్రభువు ముగ్గురిని లేపెను. వారు నిద్రపోయిరి, మనము అట్లు నిద్రపోకుండునట్లు ప్రార్థింపవలెను.

భయమునకు కొంత పని ఇచ్చినయెడల అది కొంతవరకు ఊరకుండును. ఊరకుండని భయము మనిషిని తినివేయును. ఏది పని? మాత్రలు ఆపకుండుట అన్నిటికంటె మొదటిది. 2019లో మన దేశములో సుమారు 24 లక్షల క్షయరోగులు నమోదైరి. 2020లో సుమారు 18 లక్షలమందియే నమోదైరి. క్షయ తగ్గలేదు. బస్సులు లేక, ఆసుపత్రికి పోవుటకు భయపడి, పరీక్షలు జరుగక రోగులు లెక్కలోనికి రాలేదు. కరోనా తాకని ఇండ్లలో కూడ మానివేసిన మందులు ప్రాణములు తీసెను. కనుక నెలకు సరిపడ మందు ముందుగా తెచ్చి ఉంచుకొనుడి. ఏ మందు, ఎంత, ఎప్పుడు అని ఒక కాగితము తెలుగులోను, మీరున్న రాష్ట్రపు భాషలోను వ్రాసి బైబిలులో పెట్టుకొనుడి; మీకు మాట రాని వేళ అంబులెన్సువాడు తెలుగు చదువలేడు. ఫ్లూ టీకా మీకు అవసరమా, కరోనా టీకా మరల కావలెనా అని మీ వైద్యుని అడుగుడి, వాట్సాప్‌ను అడుగకుడి. కషాయము త్రాగవచ్చును గాని ఇన్సులిన్ మాని త్రాగకూడదు. టీవీ వార్తలు దినమునకు ఒకసారి చాలును. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. అయితే ఆ జబ్బు లోకమునుండి పోయినదని చెప్పలేదు. ఈ రెండు మాటలును నిజమే.

సంఘములకు కూడ పని ఉన్నది. జ్వరము, దగ్గు ఉన్నవాడు ఆ వారము ఇంట ఉండుటయే ఆరాధన. గానబృందము నాయకుడైనను సరే. లేవీయకాండము 13లో యాజకుడు అనుమానముగలవానిని ఏడు దినములు ప్రత్యేకించి మరల చూడవలెనని ఉన్నది. గమనించుడి, యాజకుడే మరల చూడవలెను. వానిని వెలుపల ఉంచి మరచిపోవుటకు అతనికి అధికారము లేదు. కరోనా దినములలో మన మందిరపు రిజిష్టరులలో రానివారి పేర్లు వ్రాసితిమి. వారి ఇండ్లకు ఎవరు వెళ్లిరో వ్రాయు గడి లేదు. యానాములో ఉన్నవారికి పెద్దాసుపత్రి అనగా కాకినాడ. మధ్యలో సరిహద్దు మూసినప్పుడు ఆ ముప్పది కిలోమీటర్లు మూడు వందలైనవి. మన సంఘములు అన్నియు అటువంటి చోట్లనే ఉన్నవి. అన్నదమ్ములు నెల్లూరులోనో పాలమూరులోనో, మనము ఇక్కడ. రాత్రి పూట ఆసుపత్రికి తీసికొనిపోవుటకు మేనమామ రాడు, డీకను రావలెను. శరీరములో బలహీనమైన అవయవములే మరి అవసరమైనవని పౌలు కొరింథీయులకు వ్రాసినది ఆటో కిరాయి వరకు వచ్చినప్పుడే మనకు అర్థమగును.

ఆ జనవరి ఆదివారము తరువాత బుధవారము నేనును నా భార్యయు ఆ సహోదరి ఇంటికి వెళ్లితిమి. వాకిటిలోనే కుర్చీలు వేయించుకొని కూర్చుంటిమి. 2021లో నేను చెప్పిన మాటకు క్షమాపణ అడిగితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "మీరు అన్నారని కాదు అయ్యగారూ, అందరూ ఆమేన్ అన్నారే, అదీ" అనెను. దానికి నాయొద్ద జవాబు లేదు. సంఘముతో నేను మాటలాడవలెనని ఒప్పుకొని, ప్రార్థించి వచ్చితిమి. ఆ వారమే డీకన్లతో కూర్చుండి ఈ వాక్యమును చదివితిమి. చదివిన తరువాత వారిలో పెద్దాయన, "నేనే అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను" అని తలవంచుకొనెను.

ఇప్పుడు మా మందిరపు ప్రక్క వరండాలో, గాలి వచ్చు కిటికీ దగ్గర, ఆరు కుర్చీలు దూరము దూరముగా వేసియుంచితిమి. వాటిలో ఎవరు కూర్చుండిరని లోపలివారు తిరిగి చూడకూడదని పిల్లలకు కూడ చెప్పితిమి. ఫిబ్రవరి మొదటి ఆదివారము ప్రభువు బల్ల. ఆమె మాస్కు పెట్టుకొని వచ్చి కిటికీ దగ్గర కూర్చుండెను. మరి ఇద్దరు కూడ ఉండిరి, ఒకరు డయాలిసిస్ చేయించుకొనుచున్న సహోదరుడు. లోపల అందరికి రొట్టెయు చిన్న గిన్నెలును చేరిన తరువాత, పెద్ద డీకను పళ్లెము తీసికొని వరండాలోనికి వెళ్లెను. ఆయనకు మోకాళ్ల నొప్పి. మెట్లు మెల్లగా దిగెను. లోపల రెండు వందలమంది గిన్నెలు చేత పట్టుకొని ఊరకుండిరి. ఆయన తిరిగి వచ్చి నాకు తల ఊపువరకు నేను నా గిన్నె ఎత్తలేదు. ఆ దినము ఆరాధన పావుగంట ఆలస్యముగా ముగిసినది.